కుర్చీ పోయింది, శిక్ష పడలేదు

పోలీసు క్యాంపులో ఒక విద్యార్థి చనిపోయాడు. ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. అయితే ఆయనను దించింది చిత్రహింస కాదు, కోర్టుకు చెప్పిన అబద్ధం. దాదాపు యాభై ఏళ్ల నాటి రాజన్ కేసు లేవనెత్తిన ప్రశ్నకు మన చట్టం ఇంకా జవాబు చెప్పలేదు.

1976 మార్చి 1. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. కాలికట్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ చివరి సంవత్సరం విద్యార్థి పి.రాజన్ యువజనోత్సవం నుంచి అప్పుడే హాస్టల్‌కు తిరిగివచ్చాడు. పోలీసులు అతన్నీ, మరో విద్యార్థినీ వ్యానెక్కించుకుని వెళ్లిపోయారు. అంతకు రెండు రోజుల ముందు నక్సలైట్లు కాయన్న పోలీస్ స్టేషన్‌పై దాడి చేశారు. ఆ దాడి వెనుక ఉన్నవారి కోసం వెతుకుతూ పోలీసులు ఈ ప్రాంతమంతా జల్లెడ పడుతున్నారు. దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. ఎందుకు తీసుకెళుతున్నారని అడిగే దిక్కు లేదు.

కోజికోడ్ జిల్లా కొండల్లో కక్కాయం అనే చోట విద్యుత్ బోర్డు భవనాన్ని పోలీసులు క్యాంపుగా మార్చుకున్నారు. క్రైం బ్రాంచ్ డీఐజీ జయరాం పడిక్కల్ దానికి పెద్ద. అక్కడ జరిపే విచారణకు మలయాళంలో ఒక పేరుంది: 'ఉరుట్టల్', అంటే దొర్లించడం. మనిషిని బెంచీ మీద పడుకోబెట్టి, కాళ్లూ చేతులూ కట్టి, తొడల మీద రోకలి లాంటి బరువైన దుంగను పెట్టి పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ దొర్లిస్తారు. కండరాలు నుజ్జవుతాయి. బయటికి పెద్ద గాయం కనబడదు. రాజన్ మార్చి 2న ఆ క్యాంపులోనే చనిపోయాడు. అతని శవం ఈనాటికీ దొరకలేదు.

ఎమర్జెన్సీలో ఇలాంటి చావులు ఈ ఒక్కటే కాదు. తెలుగు నేల మీద 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు తూటాలకు బలయ్యారు. వారిలో ఒకరు వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. అది ఎదురుకాల్పుల ఘటన కాదని, పట్టుకుని కాల్చిచంపారని 1977లో తార్కుండే కమిటీ తేల్చింది. ప్రభుత్వం వేసిన భార్గవ కమిషన్ విచారణ మాత్రం సగంలోనే ఆగిపోయింది. అక్కడ ఏ కుర్చీ కదలలేదు. కేరళలో కదిలింది. కారణం, అక్కడ రాజన్ తండ్రి పట్టువదలని మనిషి కావడం. ఆయన చేతిలో ఒక ఉత్తరం ఉండటం.

రిజిస్టర్డ్ ఉత్తరం

రాజన్ తండ్రి టి.వి.ఈచ్చరవారియర్ హిందీ ప్రొఫెసర్. మీ అబ్బాయిని పోలీసులు తీసుకెళ్లారని ఆయనకు తెలియజేసింది కాలేజీ ప్రిన్సిపాలే, అదీ రిజిస్టర్డ్ పోస్టులో. నోరు విప్పితే జైలే అన్న కాలంలో ఒక ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్ పోలీసుల పేరెత్తి ఇలా రాసి సంతకం పెట్టడం చిన్న విషయం కాదు. తర్వాత కోర్టులో ఆ కాగితమే బలమైన సాక్ష్యమైంది.

వారియర్ ముందు కక్కాయం వెళ్లారు. క్యాంపు గేటు దాటనివ్వలేదు. తిరువనంతపురం వెళ్లి హోం మంత్రి కె.కరుణాకరన్‌ను కలిశారు. కొడుకు తీవ్రమైన కేసులో ఇరుక్కున్నాడని మంత్రి తనతో అన్నారని ఆయన తర్వాత కోర్టుకు చెప్పారు. ముఖ్యమంత్రి సి.అచ్యుతమీనన్‌ను కలిశారు. రాష్ట్రపతికి, కేంద్ర హోం మంత్రికి, ఎంపీలకు ఉత్తరాలు రాశారు. కాళ్లరిగేలా తిరిగినా ఎక్కడా సూటి సమాధానం రాలేదు. ఇంట్లో భార్య ఆరోగ్యం అప్పటికే పాడైంది. కొడుకేడని ఆమె అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి సర్దిపుచ్చేవారు.

కోర్టుకు పోదామంటే ఆ తలుపూ మూసుకుంది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఏడీఎం జబల్‌పూర్ కేసులో తీర్పు చెప్పింది: ఎమర్జెన్సీ ఉన్నంతకాలం నిర్బంధంలో ఉన్న మనిషి గురించి హెబియస్ కార్పస్ వేసే హక్కు లేదు. ఐదుగురు న్యాయమూర్తుల్లో కాదన్నది ఒక్క జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నాయే. అంటే మనిషిని ఎక్కడ దాచారని అడగడానికి కూడా ఆ తండ్రికి ఏడాది పాటు దారి లేకపోయింది.

నెల రోజుల ముఖ్యమంత్రి

1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. ఉత్తర భారతమంతా కాంగ్రెస్ ఊడ్చుకుపోయినా కేరళలో మాత్రం దాని కూటమే గెలిచింది. మార్చి 25న కరుణాకరన్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ రోజుల్లోనే వారియర్ కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. కొత్త ముఖ్యమంత్రి అందులో ప్రతివాది.

ప్రభుత్వం తరఫున దాఖలైన అఫిడవిట్ల సారాంశం ఒక్కటే: రాజన్‌ను అసలు అరెస్టే చేయలేదు. అలాంటి మనిషి పోలీసు కస్టడీలో లేడు. న్యాయమూర్తులు సుబ్రమణియన్ పొట్టి, ఖాలిద్ ఆ మాటతో సరిపెట్టుకోలేదు. ప్రిన్సిపాల్‌ను విన్నారు. హాస్టల్‌లో చూసినవారిని విన్నారు. కక్కాయం క్యాంపులో రాజన్‌తో పాటు దెబ్బలు తిన్నవారిని విన్నారు. రాజన్‌ను పోలీసులు పట్టుకెళ్లారని, క్యాంపులో ఉంచారని ఏప్రిల్ 13న తేల్చారు. ఏప్రిల్ 21కల్లా అతన్ని కోర్టులో హాజరుపరచమన్నారు.

హాజరుపరచడానికి మనిషి లేడు. గడువు ముగిశాక ప్రభుత్వం మాట మార్చింది: రాజన్ 1976 మార్చి 2నే కస్టడీలో చనిపోయాడు. లేడన్న మనిషి ఉన్నాడని, ఉన్న మనిషి చచ్చిపోయాడని ప్రభుత్వం ఒకే కోర్టుకు చెప్పింది. ఏప్రిల్ 25న కరుణాకరన్ రాజీనామా చేశారు. పదవిలో ఉన్నది సరిగ్గా నెల. ఆ కుర్చీలోకి 36 ఏళ్ల ఎ.కె.ఆంటోనీ వచ్చారు.

ఇంతవరకూ వింటే ప్రజాస్వామ్యం గెలిచిన కథలానే ఉంటుంది. మిగతాది కూడా వినాలి.

ఆ తర్వాత హైకోర్టు విచారించమన్నది తప్పుడు ప్రమాణం గురించి. కోర్టుకు అబద్ధం చెప్పినట్టు ప్రాథమికంగా కనిపిస్తోంది కాబట్టి ఫిర్యాదు దాఖలు చేయాలంది. కరుణాకరన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1977 నవంబర్‌లో అక్కడా ఆయనకు ఊరట దక్కలేదు. పోలీసు అధికారులు చెప్పిన సమాచారాన్ని నమ్మి తాను అఫిడవిట్ ఇచ్చానన్నది ఆయన వాదన. కస్టడీలో ఏం జరిగిందో తనకు తెలియదని ఆయన చివరిదాకా అన్నారు. చివరికి ఆ కేసులో ఆయనకు శిక్ష పడలేదు. 1981లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1982లో, 1991లో కూడా అయ్యారు. 1995లో పి.వి.నరసింహారావు మంత్రివర్గంలో కేంద్ర పరిశ్రమల మంత్రిగా చేరారు. 2010 డిసెంబర్‌లో కన్నుమూసేనాటికి కేరళ కాంగ్రెస్‌కు ఆయనే పెద్ద దిక్కుగా పేరు.

పోలీసుల మీద పెట్టిన క్రిమినల్ కేసును తమిళనాడులోని కోయంబత్తూరు కోర్టుకు మార్చారు. పడిన కొద్దిపాటి శిక్షలూ అప్పీలులో ఎగిరిపోయాయి. పడిక్కల్ తర్వాతి కాలంలో కేరళ పోలీసు బలగానికే అధిపతి అయ్యారు.

చెయ్యి దొరుకుతుంది, మాట దొరకదు

ఒక ముఖ్యమంత్రిని దించగలిగిన కేసు ఒక్కరినీ జైల్లో ఉంచలేకపోవడానికి కారణం వ్యక్తుల్లో కన్నా చట్టం నిర్మాణంలోనే ఎక్కువ ఉంది.

మన శిక్షాస్మృతిలో 'చిత్రహింస' అనే నేరమే లేదు. నేరం ఒప్పించడానికో, సమాచారం రాబట్టడానికో గాయపరిస్తే పాత ఐపీసీలో 330, 331 సెక్షన్లు ఉండేవి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే మాటలు 120వ సెక్షన్‌లోకి వెళ్లాయి. ఆ సెక్షన్ చూసేది గాయాన్ని, గాయం చేసిన చేతిని. 'వాడి సంగతి చూడండి' అన్న మాట ఎవరిదో, ఆ మాట ఏ గదిలో పుట్టిందో చూడాలంటే ప్రేరేపణ నేరాన్ని రుజువు చేయాలి. అందుకు సాక్ష్యం కావాలి. అలాంటి ఆదేశాలు ఫైలు మీద రావు. ఫోన్లో వస్తాయి, కంటి సైగలో వస్తాయి, ఒక్కోసారి మౌనంగా వస్తాయి.

ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక ఈ లొసుగును ముందే ఊహించింది. అధికారి స్వయంగా చేసినా, చేయించినా, ఒప్పుకున్నా, తెలిసీ ఊరుకున్నా చిత్రహింసే అని అది నిర్వచిస్తుంది. పై అధికారి చెప్పాడనడం సాకు కాదంటుంది. యుద్ధమైనా, ఎమర్జెన్సీ అయినా మినహాయింపు లేదంటుంది. భారత్ 1997 అక్టోబర్‌లో దాని మీద సంతకం చేసింది. ఆమోదముద్ర మాత్రం ఇంతవరకూ వేయలేదు. ఆమోదించాలంటే అందుకు తగ్గ చట్టం దేశంలో ఉండాలన్నది ప్రభుత్వాలు చెబుతూ వచ్చిన కారణం. ఆ చట్టం చేయాల్సింది కూడా ప్రభుత్వాలే.

ఒకసారి ప్రయత్నం జరిగింది. 2010 మే 6న లోక్‌సభ చిత్రహింసల నిరోధక బిల్లును ఆమోదించింది. ఆరు నెలల్లోగా ఫిర్యాదు చేయాలని, విచారణకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరని అందులో షరతులు పెట్టారు. లోపల ఉన్న మనిషి బయటికొచ్చి, కోలుకుని, లాయరును వెతుక్కునేసరికే ఆరు నెలలు గడిచిపోతాయి. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ బిల్లును చాలావరకు సరిచేసి పంపింది. 2014లో లోక్‌సభ గడువుతో పాటు అదీ కాలగర్భంలో కలిసింది. ఆ కమిటీకి నేతృత్వం వహించిన మాజీ న్యాయ శాఖ మంత్రి అశ్వనీకుమార్ తర్వాత తానే సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో కొత్త ముసాయిదా ఇచ్చింది. చట్టం చేయమని పార్లమెంటును తాము ఆదేశించలేమని 2019 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు అశ్వనీకుమార్ పిటిషన్‌ను ముగించింది.

రెండో అడ్డుగోడ విచారణకు ముందస్తు అనుమతి. పాత సీఆర్పీసీ 197వ సెక్షన్ ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 218 అయింది. అధికార విధుల్లో భాగంగా చేసిన పనికి ప్రభుత్వ ఉద్యోగిని కోర్టుకు లాగాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. మంత్రులకూ ఈ రక్షణ ఉంది. కొత్త చట్టం 120 రోజుల గడువు పెట్టింది. ఆలోగా తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. అది మేలే. మనిషిని కొట్టడం విధి నిర్వహణ కిందికి రాదని కోర్టులు పలుమార్లు చెప్పాయి కూడా. అయినా వస్తుందా రాదా అన్న వాదనతోనే కేసుకు కొన్నేళ్లు గడిచిపోతాయి. ఈలోగా సాక్షులు ఊరు మారతారు, మాట మారుస్తారు.

ఫలితం అంకెల్లో ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2001 నుంచి 2018 వరకు పోలీసు కస్టడీలో 1,727 మంది చనిపోయారు. శిక్ష పడిన పోలీసులు 26 మంది. చేసిన చెయ్యి దొరికినప్పుడే పరిస్థితి ఇలా ఉంటే చేయించిన నోటి గురించి చెప్పేదేముంది?

కోర్టులు ఊరుకున్నాయని కాదు. 1993లో నీలబతి బెహెరా కేసులో కస్టడీ చావుకు రాజ్యమే పరిహారం చెల్లించాలంది సుప్రీంకోర్టు. 1996 డిసెంబర్‌లో డి.కె.బసు కేసులో అరెస్టు ఎలా చేయాలో పదకొండు నియమాలు రాసింది. 2020 డిసెంబర్‌లో ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టమంది. అన్నీ మంచివే. అయితే పరిహారం ఖజానా నుంచి వెళుతుంది, అంటే జనం డబ్బు. నియమాలు స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌కు వర్తిస్తాయి. కెమెరా స్టేషన్‌లో ఉంటుంది, సచివాలయంలో ఉండదు.

కేరళలోనే మరో కేసు చూడండి. 2005లో తిరువనంతపురం ఫోర్ట్ పోలీస్ స్టేషన్‌లో ఒక యువకుడు చనిపోయాడు. అతని తొడల మీద పోలీసులు ఇనుప పైపు దొర్లించారన్నది అభియోగం. ముప్పై ఏళ్ల కిందటి కక్కాయం పద్ధతే. తల్లి పదమూడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక 2018లో సీబీఐ కోర్టు ఇద్దరు పోలీసులకు మరణశిక్ష వేసింది. 2025 ఆగస్టులో హైకోర్టు దర్యాప్తు లోపాలు ఎత్తిచూపి నిందితులను విడిచిపెట్టింది.

అగ్రరాజ్యంలోనూ అంతే

సాక్ష్యం లేకనే పెద్దలు తప్పించుకుంటున్నారనుకుంటే అమెరికా అనుభవం ఆ భ్రమ తొలగిస్తుంది. అక్కడ అన్నీ కాగితం మీదే ఉన్నాయి.

2002 ఆగస్టు 1న అమెరికా న్యాయ శాఖ ఒక మెమో రాసింది. అవయవాలు పనిచేయకుండా పోయేంత లేదా ప్రాణం పోయేంత బాధ కలిగితేనే శారీరక చిత్రహింస అన్నది దాని సారం. జాన్ యూ తయారుచేసిన ఆ పత్రం మీద జే బైబీ సంతకం పెట్టారు. సీఐఏ రహస్య జైళ్లలో ఒక ఖైదీని కనీసం 83 సార్లు, మరొకరిని 183 సార్లు నీటితో ఊపిరాడకుండా చేశారు. 2014 డిసెంబర్‌లో వెలువడిన సెనేట్ కమిటీ నివేదిక ప్రకారం ఈ కార్యక్రమంలో 119 మందిని నిర్బంధించారు. వారిలో కనీసం 26 మందిని పట్టుకోవడమే తప్పు. ఆ పద్ధతికి తానే అనుమతి ఇచ్చానని అధ్యక్షుడు జార్జ్ బుష్ 2010లో తన పుస్తకంలో రాసుకున్నారు. అంటే నేరాంగీకారం కూడా ఉన్నట్టే.

అయినా ఒక్క నాయకుడి మీదా కేసు పెట్టలేదు. వెనక్కి కాదు, ముందుకు చూద్దామన్నారు బరాక్ ఒబామా. ఖైదీల మరణాలపై సాగిన దర్యాప్తును 2012లో అభియోగాలేవీ లేకుండానే మూసేశారు. బైబీ 2003లోనే ఫెడరల్ జడ్జి అయ్యారు. యూ లా ప్రొఫెసర్‌గా కొనసాగారు. అబూ ఘ్రైబ్ జైలు ఫోటోల్లో దొరికిన కింది స్థాయి సైనికులు జైలుకెళ్లారు. పైవారి మీద కాస్తో కూస్తో వేడి తగిలింది దేశం బయటే. 2009లో ఇటలీ కోర్టు ఒక అపహరణ కేసులో 23 మంది అమెరికన్లకు వారి పరోక్షంలో శిక్ష వేసింది. 2011లో బుష్ తన జెనీవా ప్రయాణం రద్దు చేసుకున్నారు. అక్కడ ఆయనపై ఫిర్యాదుకు మానవ హక్కుల సంఘాలు సిద్ధంగా కూర్చున్నాయి.

కేరళలో ఆదేశం కాగితం మీద లేదు కాబట్టి నాయకుడు దొరకలేదు. వాషింగ్టన్‌లో ఆదేశం కాగితం మీద ఉంది, దాని మీద లాయరు సంతకమూ ఉంది కాబట్టి నాయకుడు దొరకలేదు. దారులు వేరైనా చేరింది ఒకే చోటుకు. ఓటుతో గెలిచినవారిని ఓటే శిక్షిస్తుంది, కోర్టులెందుకన్న ఆలోచన రెండు చోట్లా లోలోపల పనిచేసింది. కానీ కస్టడీలో దెబ్బలు తినేవాడికి ఓటు బలం ఉండదు. అతను ఎప్పుడూ మైనారిటీయే, ఒక గదిలో ఒక్కడు.

పొరుగు దేశాల దారి

మనకన్నా చిన్న ప్రజాస్వామ్యాలు కొన్ని అడుగులు ముందుకేశాయి. శ్రీలంక 1994లోనే చిత్రహింసలపై ప్రత్యేక చట్టం చేసింది. బంగ్లాదేశ్ 2013లో, పాకిస్తాన్ 2022లో చేశాయి. చట్టం చేయగానే హింస ఆగిపోలేదు. బంగ్లాదేశ్‌లో ఆ చట్టం కింద తొలి శిక్షలు పడటానికి ఏడేళ్లు పట్టింది. అయినా నేరానికి ఒక పేరుంది. బాధితుడు పట్టుకుని నిలబడటానికి ఒక సెక్షన్ ఉంది.

శ్రీలంకలో ఇంకో ముఖ్యమైన మార్పు వచ్చింది. 2019 ఈస్టర్ పేలుళ్లను ముందే సమాచారం ఉన్నా ఆపలేకపోయినందుకు మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన తన సొంత డబ్బుతో పది కోట్ల రూపాయల పరిహారం చెల్లించాలని 2023 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు ఆదేశించింది. అది చిత్రహింస కేసు కాదు. అయితే సూత్రం ఇక్కడికీ పనికొస్తుంది: తెలుసుకోవాల్సిన బాధ్యత ఉన్నవాడు 'నాకు తెలియదు' అని తప్పించుకోలేడు. చెల్లించాల్సింది ఖజానా కాదు, అతనే.

తెలియకపోవడమే నేరం కావాలి

రాజన్ కేసు మొత్తం ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది. హోం మంత్రికి తెలుసా, తెలియదా? తెలిసి కోర్టుకు లేదని చెబితే అబద్ధం. నిజంగానే తెలియకపోతే? కన్నతండ్రి వచ్చి ఫలానా రోజు ఫలానా చోట నుంచి నా కొడుకును తీసుకెళ్లారని చెప్పాక కూడా, ఏడాది గడిచినా మంత్రి తన పోలీసులను గట్టిగా అడిగి నిజం తెలుసుకోలేదన్నమాట. మన చట్టంలో మొదటిది నిరూపించడం కష్టం. రెండోది నేరమే కాదు.

అంతర్జాతీయ న్యాయంలో పై అధికారి బాధ్యత అనే సూత్రం ఉంది. కింది వారు చేస్తున్నది తెలిసీ, తెలుసుకునే వీలుండీ ఆపకపోతే, విచారణ జరిపించకపోతే పైవాడూ దోషే. మన చిత్రహింసల చట్టం ఎప్పుడు వచ్చినా ఈ ఒక్క వాక్యం లేకపోతే అది మరో కానిస్టేబుల్ చట్టమే అవుతుంది. దానితో పాటు కస్టడీలో గాయమైతే ఎలా అయిందో చెప్పాల్సిన భారం పోలీసులదే కావాలి. ఆ సూచన లా కమిషన్ 1985లోనే చేసింది. అనుమతి ఇచ్చే అధికారం ఆరోపణకు గురైన ప్రభుత్వం చేతిలో కాకుండా మరొకరి చేతిలో ఉండాలి.

ఎమర్జెన్సీ నేర్పిన పాఠాల్లో కొన్ని చట్టంలోకి ఎక్కాయి. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ తర్వాత ఏ ఎమర్జెన్సీలోనూ జీవించే హక్కు అమలును నిలిపేసే వీలు లేదు. ఏడీఎం జబల్‌పూర్ తీర్పును 2017లో సుప్రీంకోర్టే తప్పని కొట్టేసింది. ఈరోజు ఒక రాజన్‌ను తీసుకెళితే అతని తండ్రి ఏడాది ఆగక్కర్లేదు, మర్నాడే కోర్టుకు వెళ్లొచ్చు. అదంతా మనిషిని వెతకడానికి పనికొచ్చే మార్పు. మనిషి దొరకనప్పుడు ఎవరిని అడగాలన్నదానికి ఇంకా జవాబు లేదు.

ఈచ్చరవారియర్ తన పోరాటాన్ని మలయాళంలో పుస్తకంగా రాశారు. ఆయన భార్య 2000లో, ఆయన 2006 ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. ముప్పై ఏళ్లలో ఆయన ఒక ముఖ్యమంత్రిని దించారు, ఒక ప్రభుత్వం చేత నిజం చెప్పించారు. కొడుకు శవాన్ని ఏం చేశారన్న ప్రశ్నకు మాత్రం ఎవరి చేతా జవాబు చెప్పించలేకపోయారు. అది చెప్పి తీరాల్సిన బాధ్యత ఫలానావారిదని రాసిన చట్టం అప్పుడు లేదు. ఇప్పుడూ లేదు.